అప్‌డేట్: మా బుజ్జిగాడి మొరుగుడు చాలావరకు తగ్గింది

లిఫ్ట్ తలుపు చప్పుడైతే చాలు, మా కుక్క ఫ్లోరంతా లేచేలా మొరుగుతోంది, షాక్ కాలర్ (కరెంటు షాకిచ్చే మెడపట్టీ) కొనమంటున్నారు, ఏం చేయాలి అని అడిగాను కదా. కాలర్ కొనలేదండీ. నొప్పికి నోరు మూసుకున్నా లోపలి భయం పోదని, అది కరిచేదాకా వెళ్లొచ్చని పశువుల డాక్టరు గారు కూడా వద్దన్నారు.

బాగా పనిచేసింది మీలో ఒకరు చెప్పిన రికార్డింగ్ చిట్కా. లిఫ్ట్ చప్పుడు, కాలింగ్ బెల్ ఫోన్‌లో రికార్డు చేసి, వాడు చెవి మాత్రం రిక్కించేంత చిన్న సౌండుతో మొదలుపెట్టాం. మోగగానే ఉడికించిన చికెన్ ముక్క. మొరగకముందే పెట్టాలి, కిటుకంతా అక్కడే. వాడు నిమ్మళంగా ఉంటేనే ఇంకాస్త సౌండు పెంచడం. ఇప్పుడు నిజం బెల్ మోగినా ఒక్క 'భౌ' అని, తోకూపుకుంటూ వంటింటి వైపు చూస్తాడు. (చికెన్‌లో ఉల్లిపాయ వేయకండి, కుక్కలకు అది విషం.)

బాల్కనీ గ్రిల్‌కు కింది సగం గ్రీన్ నెట్ కట్టాం. వీధి కుక్కలు కనబడవు, గొడవ లేదు. వాకింగ్‌లో లాక్కుపోకుండా వాసనలు చూసుకోనిస్తున్నాం, ఇంటికొచ్చి హాయిగా పడుకుంటున్నాడు.

ఇక మిగిలింది గ్యాస్ బండ. అది వరండాలో ఖంగుమని దొర్లితే మాత్రం ఎవరి మాటా వినడు. ఈసారి బండ వచ్చినప్పుడు ఆ చప్పుడు కూడా రికార్డు చేయాలి.