గూగ్లీ అందరికీ తెలుసు, బోసాంకెట్ ఎందరికి తెలుసు?

బౌండరీలైన్ (ప్రశ్న):

కాలేజీ క్విజ్ కోసం రెండు పట్టికలు వేయాలి. ఒకటి, ప్రపంచమంతా తరతరాలుగా గుర్తుపెట్టుకున్న ఆటగాళ్ళది. రెండోది, ఆటనే మార్చేసినవాళ్ళది. ఒక్కోదానిలో పది పేర్లు. రాయడం మొదలుపెట్టగానే రెండింట్లోనూ అవే పేర్లు పడుతున్నాయి: పీలే, మహమ్మద్ అలీ, జోర్డాన్, బోల్ట్. ఇది సరికాదనిపిస్తోంది. గల్లీలో ఆడే పిల్లాడికి కూడా గూగ్లీ అంటే తెలుసు. ఆట సంగతి పట్టనివాళ్ళు సైతం అనుకోని ప్రశ్న ఎదురైతే "గూగ్లీ వేశాడు" అంటారు. దాన్ని కనిపెట్టిన బోసాంకెట్ పేరు మాత్రం ఏ పట్టికలోనూ కనబడదు. ఎవరు ఎందులోకి వెళ్తారో తేల్చడానికి పతకాలు, రికార్డులు కాకుండా వేరే కొలత ఏదైనా ఉందా? పేర్లతో, ఏళ్ళతో చెప్తే మేలు.

పాతస్కోర్‌కార్డు:

మీరే మంచి పేరు ఎత్తారు. తేడా ఇంత తేటగా చూపించే ఉదాహరణ మరొకటి దొరకడం కష్టం.

బెర్నార్డ్ బోసాంకెట్ ఇంగ్లండ్‌కు ఆడింది 7 టెస్టులు, తీసింది 25 వికెట్లు. అంకెలు చూస్తే మామూలు ఆటగాడు. బల్ల మీద బంతిని ఎదుటివాడికి అందకుండా తిప్పే ఆటలోంచి ఆయనకు ఆలోచన పుట్టింది. చేయి తిప్పేది లెగ్ బ్రేక్ లాగానే, కానీ మణికట్టును ఇంకాస్త తిప్పి, బంతిని చేతి వెనక వైపు నుంచి వదలాలి. కుడిచేతి బ్యాటర్‌కు దూరంగా పోతుందనుకున్న బంతి లోపలికి వస్తుంది. 1900లో లార్డ్స్‌లో లీస్టర్‌షైర్ మీద దీనితో తొలి వికెట్ తీసినప్పుడు బంతి నాలుగు సార్లు నేలను తాకిందట. 98 పరుగుల మీదున్న బ్యాటర్ స్టంపౌట్. అంత మొరటుగా మొదలైన బంతితోనే 1904లో సిడ్నీ టెస్టులో 51 పరుగులకు 6 వికెట్లు తీశాడు.

ఇక్కడిదాకా ఒక మనిషి కథే. అసలు సంగతి ఆ తర్వాతిది. ఇంగ్లండ్ కౌంటీ జట్టు మిడిల్‌సెక్స్‌లో బోసాంకెట్‌తో కలిసి ఆడిన రెజీ ష్వార్జ్ ఆ విద్యను దక్షిణాఫ్రికాకు పట్టుకెళ్ళాడు. 1905-06 సిరీస్‌లో దక్షిణాఫ్రికా ఇంగ్లండ్‌ను 4-1తో ఓడించింది. 1907లో ఇంగ్లండ్‌కు వచ్చిన వాళ్ళ జట్టులో గూగ్లీ వేసేవాళ్ళు నలుగురు. కనిపెట్టినవాడి దేశాన్నే అతని బంతి ఓడించింది. ఆటను మార్చడం అంటే నా లెక్కలో ఇదే: విద్య మనిషి చేయి దాటి, అతను లేకుండానే పనిచేయాలి. ఇవాళ రషీద్ ఖాన్ బౌలింగ్ చూసేవాడికి బోసాంకెట్ తెలియనక్కర్లేదు.

కాబట్టి రెండో పట్టికకు ఒకటే పరీక్ష. ఆ మనిషిని చరిత్రలోంచి తీసేయండి. ఈ రోజు ఉదయం ప్రాక్టీసుకు వెళ్ళిన ఆటగాడు చేసే పనిలో ఏదైనా మారుతుందా? మారితేనే పేరు రాయండి.

హైజంప్‌పిట్:

ఆ పరీక్షకు నిలిచే మరో పేరు అమెరికా హైజంపర్ డిక్ ఫాస్బరీ. 1968 మెక్సికో సిటీ ఒలింపిక్స్‌లో 2.24 మీటర్లతో స్వర్ణం. ప్రపంచ రికార్డు ఆయన పేర ఎప్పుడూ లేదు. అప్పటికి అది 1963లో బ్రూమెల్ దూకిన 2.28. 1972 జట్టుకు ఎంపిక కూడా కాలేదు. అయినా ఆ 1972 మ్యూనిక్‌లో 40 మంది పోటీదారుల్లో 28 మంది ఆయన పద్ధతిలోనే దూకారు. 1980 నాటికి ఫైనల్‌కు వచ్చిన 16 మందిలో 13 మంది.

ఏం మారిందో చెప్తాను, ఎందుకంటే క్విజ్ పుస్తకాల్లో "వెనక్కి తిరిగి దూకాడు" అని వదిలేస్తారు. అంతకుముందు స్ట్రాడిల్‌లో బార్‌కు దగ్గరి కాలితో ఎగిరి, పొట్ట కిందికి ఉండేలా దాటేవారు. ఫాస్బరీ పద్ధతి పేరు ఫ్లాప్, అందులో బార్‌కు దూరపు కాలితో ఎగరాలి, వీపు బార్ వైపు ఉండాలి. పరుగు మొదట తిన్నగా, చివరి నాలుగైదు అంగలు వంపులో. వంపులో పరిగెత్తేటప్పుడు ఒళ్ళు లోపలికి, అంటే బార్‌కు ఎడంగా వాలుతుంది. ఎగిరే క్షణంలో ఆ వాలు నిటారుగా లేస్తూ ఒంటిని తిప్పుతుంది. పైన తల, నడుం, కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి దాటుతాయి గనుక, ఒళ్ళు విల్లులా వంగినప్పుడు గరిమనాభి (ఒంటి బరువంతా ఒకచోట ఉన్నట్టు లెక్కించే బిందువు) బార్ కిందుగా పోయినా మనిషి బార్ పైనుంచి పోతాడు.

చెడేది ఎక్కడంటే, చివరి రెండంగల్లో వంపు తిన్నగా అయిపోవడం. అప్పుడు ఒళ్ళు ముందే బార్ మీదికి వాలి నడుం తగులుతుంది. గడ్డాన్ని త్వరగా ఛాతీకి ఆనిస్తే తుంటి దిగిపోతుంది. తుంటి దాటాక కాళ్ళు పైకి లాగకపోతే మడమలు బార్‌ను పడేస్తాయి. ఏ స్కూలు మైదానంలో చూసినా కోచ్ అరిచేది ఈ మూడింటి గురించే.

లెఫ్ట్‌స్పైక్:

ఫాస్బరీ గొప్పతనాన్ని కాదనను. కానీ ఆ పరీక్షను నిజాయితీగా పెడితే ఆయన తడబడతాడు. కెనడాలో డెబ్బీ బ్రిల్ అనే అమ్మాయి దాదాపు అదే కాలంలో, ఫాస్బరీని చూసి కాకుండా, సొంతంగా వెనక్కి దూకడం మొదలుపెట్టింది. ఇద్దరికీ ఒకే ఆలోచన ఎందుకొచ్చింది? కింద ఇసుక, రంపపు పొట్టు పోయి మెత్తటి ఫోమ్ మ్యాట్లు వస్తున్నాయి గనుక. పొట్టు గుంటలో మెడ మీద, భుజాల మీద పడితే ప్రాణానికే ముప్పు. ఫాస్బరీని తీసేసినా ఫోమ్ ఉంటే ఫ్లాప్ వచ్చి తీరేది. అప్పుడు ఆటను మార్చింది మనిషా, పరుపా?

హైజంప్‌పిట్:

లెఫ్ట్‌స్పైక్ గారు, ఫోమ్ సంగతి నిజం, నేనే చెప్పాల్సింది. అయినా స్ట్రాడిల్ అంత తేలిగ్గా చావలేదు. 1972లో పురుషుల స్వర్ణం తర్మాక్‌ది, అది స్ట్రాడిలే. 1977లో ఆకర్మన్ మహిళల్లో తొలిసారి 2 మీటర్లు దాటిందీ స్ట్రాడిల్‌తోనే. 1978లో యాషెంకో ఇండోర్‌లో 2.35 దాకా వెళ్ళాడు. అంటే పాత పద్ధతిలో ఇంకా సత్తా ఉంది. దేశదేశాల కోచ్‌లు దాన్ని వదిలి కొత్తది నేర్పడానికి ఒప్పుకున్నారంటే, ఒలింపిక్ స్వర్ణం కళ్ళముందు కనబడబట్టి. మీ మాటకు విలువిచ్చి పరీక్షను ఇలా మారుద్దాం: "ఇది ఎప్పటికైనా వచ్చేదా?" అని అడగవద్దు. "అప్పుడే, అంత వేగంగా పాకేదా?" అని అడగండి.

కార్నర్‌ఫ్లాగ్:

అందరూ ఒంటి కదలిక గురించే మాట్లాడుతున్నారు. కాగితం మీద ఆటను మార్చినవాళ్ళు ఇంకా పెద్దవాళ్ళని నా అభిప్రాయం.

జాన్-మార్క్ బోస్మాన్‌ని తీసుకోండి. బెల్జియంలో లీజ్ ఫుట్‌బాల్ క్లబ్బు ఆటగాడు. 1990లో ఒప్పందం ముగిసింది. నెలకు 1,20,000 ఫ్రాంకులు ఇస్తున్న క్లబ్బు కొత్త ఒప్పందంలో 30,000 ఇస్తానంది. ఫ్రాన్స్‌లోని డంకర్క్‌కు పోతానంటే, ఒప్పందం లేని ఆటగాడికీ బదిలీ సొమ్ము కావాలంది. కేసు యూరప్ న్యాయస్థానం దాకా వెళ్ళి 1995 డిసెంబర్ 15న తీర్పు వచ్చింది. తేలినవి రెండు: ఒప్పందం ముగిసిన ఆటగాడు యూరోపియన్ యూనియన్‌లో బదిలీ సొమ్ము లేకుండా మరో దేశపు క్లబ్బుకు పోవచ్చు, యూనియన్ దేశాల ఆటగాళ్ళకు "విదేశీయులు ఇంతమందే" అన్న పరిమితి చెల్లదు.

ఫలితం నెదర్లాండ్స్ క్లబ్బు అజాక్స్‌ను అడగండి. 1995 మేలో యూరప్ విజేత. 1996లో డేవిడ్స్, 1997లో క్లూవర్ట్ (ఆ 1995 ఫైనల్లో గోల్ కొట్టినవాడు) ఇద్దరూ క్లబ్బుకు పైసా రాకుండా మిలాన్‌కు వెళ్ళిపోయారు. 1999 డిసెంబర్ 26న చెల్సీ ఒక్క బ్రిటిష్ ఆటగాడు లేని పదకొండుమందితో బరిలోకి దిగింది. ఈ రోజు ఒప్పందం చివరి ఏడాదిలో ఆటగాడి ఏజెంట్ క్లబ్బు మెడ వంచుతున్నాడంటే మూలం ఆ తీర్పు. బోస్మాన్ మాత్రం ఆ డబ్బులో వాటా చూడలేదు, తర్వాత ఆర్థికంగా చితికిపోయాడు. పట్టికలో మొదట రాయవలసిన పేరు ఇదే అని గట్టిగా చెప్తాను. ఫొటో చూపిస్తే ఫుట్‌బాల్ అభిమాని కూడా గుర్తుపట్టడు.

టెన్నిస్‌లో బిల్లీ జీన్ కింగ్‌ను కూడా ఇక్కడే పెట్టండి. 1972 యూఎస్ ఓపెన్ గెలిస్తే ఆమెకు 10,000 డాలర్లు, పురుషుల విజేత నస్టాసేకు 25,000. 1973లో మహిళా ఆటగాళ్ళ సంఘం పెట్టింది. ఆ ఏడాదే యూఎస్ ఓపెన్ ఇద్దరికీ సమానం చేసింది. వింబుల్డన్ 2007దాకా చేయలేదు.

నాకౌట్:

మొదటి పట్టిక గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. దానికి పరీక్ష వేరు: ఆ ఆట ఎవరూ ఆడని ఊళ్ళో, అతను రిటైరయ్యాక పుట్టినవాళ్ళకు పేరు తెలుసా?

అలీ నెగ్గేది ఇందులో. విచిత్రం ఏమిటంటే, రెండో పట్టిక పరీక్షలో అంత బలంగా నెగ్గడు. చేతులు నడుం దగ్గర దించి, గుద్దు వస్తే తల వెనక్కి వాల్చి తప్పించుకోవడం ఏ కోచ్ కూడా పిల్లలకు నేర్పడు. ఆ కాళ్ళు, ఆ కంటిచూపు లేనివాడు అలా చేస్తే దవడ మీద తింటాడు. అలీ విద్య అలీతోనే పోయింది. నిలిచింది మనిషి. 1967 ఏప్రిల్ 28న వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరనన్నాడు. టైటిల్, లైసెన్సు పోయాయి, మూడున్నరేళ్ళు రింగ్ లేదు. 1971లో సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పిచ్చింది. 1974లో కిన్షాసాలో ఫోర్‌మన్‌తో పోటీ అమెరికా ప్రేక్షకుల కోసం తెల్లవారుజామున 4 గంటలకు మొదలైంది. 1996లో అట్లాంటాలో వణికే చేత్తో ఒలింపిక్ జ్యోతి వెలిగించాడు. పోగొట్టుకోవడం, తిరిగి గెలవడం, చివరికి వణికే చెయ్యి: ఆట తెలియనివాడికీ అర్థమయ్యే బతుకు అది.

రెండో అవసరం, ఆ పేరును మోసేవాళ్ళు. పీలేకు టీవీ దొరికింది. 1970 ప్రపంచకప్పు ఉపగ్రహం ద్వారా రంగుల్లో వెళ్ళింది, పసుపు చొక్కా కళ్ళలో ముద్రపడింది. 1977లో కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ మీద ఆడి 2-2తో వెళ్ళాడు, కోల్‌కతా ఇప్పటికీ చెప్పుకుంటుంది. జోర్డాన్‌కు 1985లో వచ్చిన బూట్లు ఉన్నాయి. ఆయన ఆట చూడని పిల్లలు కూడా కొంటున్నారు. మోసేవాళ్ళు లేకపోతే చెకొస్లొవేకియా పరుగువీరుడు జాటోపెక్ గతే. 1952 హెల్సింకీలో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడూ గెలిచాడు, ఆ ఫీటు మళ్ళీ ఎవరూ చేయలేదు. పరుగు ప్రపంచం దాటితే ఆ పేరు వినబడదు. అప్పటికి చాలా ఇళ్ళల్లో టీవీ లేదు, అతని పేరు మీద సరుకు అమ్మే కంపెనీ లేదు. పరుగు, కాస్త విరామం, మళ్ళీ పరుగు అనే సాధనకు ఆయన తెచ్చిన ప్రాచుర్యం మాత్రం ఇవాళ్టి ప్రతి ట్రాక్ మీదా ఉంది. ఆయన్ని రెండో పట్టికలో రాయండి.

బౌండరీలైన్:

చాలా స్పష్టంగా ఉంది, అందరికీ ధన్యవాదాలు. బోల్ట్‌ను మొదటి పట్టికలోనే ఉంచుతాను, 9.58 సెకన్లు అద్భుతం, కానీ ఆయన తర్వాత ఎవరూ పరుగు పద్ధతి మార్చుకోలేదు. మరి మనవాళ్ళు? సచిన్, సింధు, గోపీచంద్?

పాతస్కోర్‌కార్డు:

నాకౌట్ గారి పరీక్ష పెడితే సచిన్ ఆగేది క్రికెట్ ఎల్లల దగ్గర. బ్రెజిల్‌లో అడిగి చూడండి. సింధుకు 2016 రియో రజతం, 2019 ప్రపంచ టైటిల్, టోక్యో కాంస్యం ఉన్నాయి. ఇండోనేషియాలో, మలేషియాలో ఆమె పేరు తెలుసు; బ్యాడ్మింటన్ లేని చోట తెలియదు. బాధగా ఉన్నా మొదటి పట్టికలో రాయలేం.

గోపీచంద్ మాత్రం రెండోదానికి గట్టి అభ్యర్థి, భారత పట్టిక అయితే కళ్ళు మూసుకుని రాయొచ్చు. 2001 ఆల్ ఇంగ్లండ్ గెలుపు వల్ల కాదు. 1980లో ప్రకాశ్ పదుకొనే కూడా గెలిచాడు. 2008లో గచ్చిబౌలిలో అకాడమీ మొదలుపెట్టాడు గనుక. సైనా లండన్ కాంస్యం, సింధు రియో రజతం, శ్రీకాంత్ 2021 ప్రపంచ రజతం, ముగ్గురి దారీ ఆయన కోచింగ్ గుండా వెళ్ళిందే. గోపీని తీసేసి చూడండి, హైదరాబాద్‌లో తెల్లారకముందే కోర్టు ముందు స్కూటర్ ఆపే తల్లిదండ్రులు ఎంతమంది మిగులుతారో.

సి.కె. నాయుడును మరిచిపోవద్దు. 1926లో బాంబే జింఖానా మైదానంలో ఇంగ్లండ్ నుంచి పర్యటనకు వచ్చిన ఎంసీసీ జట్టు మీద 11 సిక్సర్లతో 153, ఆ పర్యటన తర్వాత 1928లో భారత క్రికెట్ బోర్డు ఏర్పడింది, 1932లో లార్డ్స్‌లో భారత్ తొలి టెస్టుకు ఆయనే కెప్టెన్. ప్రపంచ పట్టికలో కాదు, మన పట్టికలో. ప్రశ్న వేసేటప్పుడు పేరు చెప్పి ఘనత అడగకండి. 11 సిక్సర్లు చెప్పి పేరు అడగండి.