పామీర్ దారిలో సైకిల్ ప్రయాణానికి ఏ స్టవ్వు, ఏ ఇంధనం?

ప్రశ్న – ఎంవీపీ కాలనీ సైకిల్

అందరికీ నమస్కారం. వచ్చే వేసవిలో నేనూ నా మిత్రుడూ కిర్గిజ్‌స్తాన్‌లోని ఓష్ నగరం నుంచి పామీర్ రహదారి మీదుగా తజికిస్తాన్ రాజధాని దుషాంబే వరకు సైకిళ్ల మీద వెళ్లాలనుకుంటున్నాం. అది సవ్యంగా జరిగితే మరుసటి ఏడాది జర్మనీలో బయలుదేరి డాన్యూబ్ నది వెంట బుడాపెస్ట్ దాకా వెళ్లాలన్న ఆలోచన కూడా ఉంది. భీమిలి, అనంతగిరి, లంబసింగి వైపు గుడారం వేసుకుని రాత్రులు గడిపిన అలవాటు మాకు ఉంది కాని, మన దగ్గర ఏ మలుపు తిరిగినా టీ కొట్టో టిఫిను బండో కనిపిస్తుంది కనుక వంట సామాను మోయవలసిన అవసరం ఎప్పుడూ కలగలేదు.

పామీర్‌లో ఆ సౌకర్యం ఉండదని, ఊరికీ ఊరికీ మధ్య ఒక్కోసారి రెండు మూడు రోజుల ప్రయాణం పడుతుందని చదివాను. పైగా నా మిత్రుడు మాంసం ముట్టడు. మాంసమే ప్రధానమైన ఆ ప్రాంతంలో దారి భోజనాన్ని నమ్ముకుంటే అతనికి చాలా పూటలు రొట్టె, టీ మాత్రమే మిగులుతాయి. అందువల్ల రోజుకు ఒక పూటైనా అన్నం, పప్పు వండుకోవాలి. గ్యాస్ డబ్బా మీద బిగించే చిన్న స్టవ్వు తేలిక అని కొందరు, పెట్రోలుతో మండేదే నమ్మకం అని మరికొందరు అంటున్నారు. రెండు యాత్రలకూ పనికివచ్చేలా ఒకే స్టవ్వు కొనడం సాధ్యమేనా?

జవాబు – గాజువాక పాత చక్రం

సాధ్యమే. అయితే స్టవ్వును ముందు ఎంచుకుని తరువాత దానికి ఇంధనం వెతకడం కాకుండా, దారిలో ఏ ఇంధనం దొరుకుతుందో చూసుకుని దానికి తగిన స్టవ్వు కొనాలి. మర ఉన్న గ్యాస్ డబ్బాలు బిష్కెక్, ఓష్, దుషాంబే వంటి పెద్ద ఊళ్లలో పర్వతారోహకుల దుకాణాల్లోనూ, సైకిల్ యాత్రికులు దిగే హాస్టళ్లలోనూ దొరుకుతాయి. ముర్గాబ్, ఖోరోగ్ లాంటి మధ్య ఊళ్లలో దొరికితే అదృష్టమే తప్ప, వాటిని లెక్కలోకి తీసుకుని బయలుదేరకూడదు. పెట్రోలు సంగతి అలా కాదు. లారీలు, జీపులు తిరిగే దారిలో అది ఏదో ఒక రూపంలో ఉంటుంది. చిన్న పల్లెల్లో బంకు ఉండకపోవచ్చు, ఎవరో ఇంటి ముందు గాజు జాడీల్లో పోసి అమ్ముతారు, 80 ఆక్టేన్ రకం కూడా అంటగడతారు. ఆ సంఖ్య చూసి బెంగపడనక్కరలేదు, ఎందుకంటే ఆక్టేన్ అనేది ఇంజనులో పెట్రోలు వేళ కాని వేళ అంటుకోకుండా ఉండే గుణానికి కొలత. స్టవ్వుకు దానితో పని లేదు. స్టవ్వుకు శత్రువు మురికి. అందుకే పలుచని బట్టలో వడకట్టి పోసుకోవాలి. సీసం కలిపిన పెట్రోలు భయం కూడా పోయింది. వాహనాలకు దాన్ని అమ్ముతున్న చివరి దేశమైన అల్జీరియా 2021లో ఆపేసింది.

కాబట్టి పెట్రోలు, కిరసనాయిలు, గ్యాసు మూడింటితోనూ మండే స్టవ్వు మీకు తగినది. ఎంఎస్ఆర్ విస్పర్‌లైట్ యూనివర్సల్, ప్రైమస్ ఓమ్నిఫ్యూయెల్ ఈ కోవకు చెందినవి. విస్పర్‌లైట్ తేలిక, దారిలో విప్పి బాగుచేసుకోవడమూ సులువే, కాని పెట్రోలు మీద దాని మంటను సన్నగా నిలపడం కష్టం. నీళ్లు మరిగించడానికి అది బ్రహ్మాండం, పప్పుకు కాదు. ఓమ్నిఫ్యూయెల్‌కు బర్నరు దగ్గరే మరో మీట ఉంటుంది కనుక సెగ తగ్గించి అన్నం మగ్గించవచ్చు. బరువు, ధర రెండూ ఎక్కువే. మీరు వండేది అన్నం, పప్పు గనుక నేనైతే ఆ అదనపు బరువును మోస్తాను. ఎంఎస్ఆర్ డ్రాగన్‌ఫ్లై కూడా సెగ బాగా తగ్గిస్తుంది కాని అది గ్యాసుతో మండదు, పైగా దాని హోరుకు పక్క గుడారంలో వాళ్లు నిద్ర లేస్తారు.

వీటిని చూసి కంగారు పడకండి. 1892లో స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ రూపొందించిన ప్రైమస్ స్టవ్వు తరవాయిలే ఇవన్నీ, మన అమ్మమ్మల వంటింట్లో కూర్చున్న పంపు స్టవ్వు కూడా ఆ వంశమే. కాస్త ఇంధనం వదిలి ముందు బర్నరు వేడెక్కించడం, గాలి కొట్టడం, నిపుల్ మూసుకుపోతే పిన్ను పెట్టడం, పంపు వాషరు ఎండితే నూనె రాయడం, అన్నీ అవే పద్ధతులు. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉంటే వాళ్లకు ఇచ్చి చూడండి, సూచనల పుస్తకం తెరవకుండానే వెలిగిస్తారు. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను. పెట్రోలు స్టవ్వు వెలిగేటప్పుడు మంట మూర మేర లేస్తుంది, కాబట్టి గుడారంలోనూ దాని వాకిట్లోనూ వెలిగించకూడదు. గ్యాసు స్టవ్వు అలా లేవకపోయినా మూసిన గుడారంలో దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా ప్రాణం తీస్తుంది.

జవాబు – లాసన్స్‌బే గాలి

పై వారి మాటను కాదనను కాని, ఇద్దరు మనుషులకు ఈ దారిలో గ్యాసు కూడా అసాధ్యం కాదు. లీటరు నీళ్లు మరగడానికి మామూలు గాలిలో సుమారు 15 గ్రాముల గ్యాసు పడుతుంది. రోజుకు మూడు లీటర్ల పని అనుకుంటే 45 గ్రాములు, అంటే 450 గ్రాముల పెద్ద డబ్బా పది రోజులు వస్తుంది. ఓష్‌లోనే రెండు కొని సంచిలో వేసుకుంటే దారి పొడవునా మసి లేదు, చేతికి పెట్రోలు వాసన లేదు. డబ్బాలో ఏ గ్యాసు ఉందో మాత్రం చదివి కొనండి. ఉత్త బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది, ఐసోబ్యూటేన్ మైనస్ 12 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతాయి. పామీర్‌లో వేసవి రాత్రి కూడా గడ్డకట్టించగలదు కనుక ప్రొపేన్ కలిసిన డబ్బా తీసుకోవాలి, రాత్రి దాన్ని దుప్పటి సంచిలో పెట్టుకుని పడుకోవాలి.

జవాబు – ఉక్కునగరం వంటిల్లు

అందరూ స్టవ్వు గురించి మాట్లాడుతున్నారు కాని గిన్నె గురించి ఎవరూ మాట్లాడలేదు. పై లెక్క నీళ్లు మరగడానికే సరిపోతుంది, పప్పు ఉడకడానికి కాదు. ముర్గాబ్ ఉన్నది సుమారు 3,600 మీటర్ల ఎత్తున, ఆ దారిలోని అక్‌బైతాల్ కనుమ ఎత్తు 4,655 మీటర్లు. ముర్గాబ్‌లో నీళ్లు 88 డిగ్రీల దగ్గర, కనుమ మీద 85 దగ్గర మరుగుతాయి. ఆ నీటిలో కందిపప్పు గంటసేపు తెర్లినా గింజ గింజగానే ఉంటుంది, డబ్బా మాత్రం ఖాళీ అవుతుంది. అన్నం కూడా పైన మెత్తగా, లోపల పలుకుగా దిగుతుంది.

దీనికి రెండు దారులు. ఒకటి, రెండు లీటర్ల అల్యూమినియం కుక్కరు మోయడం. బరువే, కాని ఇద్దరు పంచుకుంటే భరించవచ్చు, ఇంధనం కూడా బాగా ఆదా అవుతుంది. కుక్కరు పెట్టదలచుకుంటే డబ్బా నెత్తిన బిగించే స్టవ్వు వద్దు, అంత ఎత్తున ఆ బరువు నిలవదు. గొట్టంతో పక్కకు ఉండే వెడల్పు కాళ్ల స్టవ్వే కావాలి. రెండోది, తినే తిండినే మార్చుకోవడం. కందిపప్పు బదులు పొట్టు తీసిన పెసరపప్పు లేదా ఎర్ర మసూరు పప్పు తీసుకుని, పొద్దున బయలుదేరేటప్పుడే మూత గట్టి సీసాలో నానబోస్తే సాయంత్రానికి సగం పని అయిపోయి ఉంటుంది. అటుకులు, వేయించిన ఉప్మా రవ్వ, సేమ్యా, ఇంటి నుంచి తీసుకెళ్లే కందిపొడి ఉంటే చాలా పూటలు పది నిమిషాల మంటతో గడిచిపోతాయి. ఏ స్టవ్వు కొన్నా చుట్టూ పెట్టే గాలి తెర కూడా కొనండి. అక్కడ మధ్యాహ్నం నుంచి వీచే గాలికి తెర లేకపోతే ఎంత మంటైనా గిన్నెను తాకదు. అయితే డబ్బా మీద నేరుగా బిగించే స్టవ్వుకు చుట్టూ తెర మూయకూడదు, డబ్బా వేడెక్కి పేలుతుంది.

డాన్యూబ్ యాత్రకు ఇంత ఆలోచన అక్కరలేదు. జర్మనీ, ఆస్ట్రియాలలో మర ఉన్న గ్యాస్ డబ్బా క్రీడా దుకాణాల్లో దొరుకుతుంది. స్పిరిట్ పొయ్యి ఇష్టమైతే జర్మనీలో మామూలు సరుకుల దుకాణంలోనే స్పిరిటు అమ్ముతారు. పెట్రోలుతో పోలిస్తే అంతే వేడికి ఒకటిన్నర రెట్లకు పైగా స్పిరిటు మోయాలి, పగటి వెలుగులో దాని మంట కనపడదు కనుక ఆరిందనుకుని మళ్లీ పోస్తే చేయి కాలుతుంది. ఎప్పుడైనా అక్కడి నుంచి ఫ్రాన్స్, స్పెయిన్ వైపు మళ్లితే మాత్రం, ఆ దేశాల్లో మర లేకుండా నొక్కి బిగించే క్యాంపింగాజ్ డబ్బాలే ఎక్కువ కాబట్టి అడాప్టరు ఒకటి వెంట ఉండాలి.

మళ్లీ ప్రశ్న – ఎంవీపీ కాలనీ సైకిల్

అందరికీ కృతజ్ఞతలు. మూడు ఇంధనాల స్టవ్వు, చిన్న కుక్కరు, పెసరపప్పు అని నిర్ణయానికి వచ్చాం. ఇక్కడ మన పెట్రోలుతో సాధన చేసి ఆ స్టవ్వునే విమానంలో తీసుకువెళ్లవచ్చా?

జవాబు – గాజువాక పాత చక్రం

సాధన తప్పకుండా చేయండి, రుషికొండ గాలిలో వెలిగించగలిగితే సగం నేర్చుకున్నట్టే. ఇప్పుడు మన బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, అది రబ్బరు వాషర్లకు అంత మంచిది కాదు. పని కాగానే గాలి తీసి, మిగిలింది ఒంపేసి పెట్టండి. స్టవ్వుకు పెట్రోలు అందించే సీసాలో నిల్వ ఉంచవద్దు. నింపేటప్పుడు కూడా సీసా మీది గీత దాటకూడదు, ఎండకు పెట్రోలు వ్యాకోచించడానికి చోటు కావాలి.

గ్యాస్ డబ్బాను చేతి సంచిలో గాని సామానులో గాని విమానం ఎక్కించరు. వాడిన పెట్రోలు స్టవ్వుకు విమాన సంస్థ అనుమతి కావాలి, అందులో ఇంధనమూ ఆవిరీ ఏమాత్రం మిగలకూడదు. సబ్బు నీళ్లతో కడిగి, మూతలు తీసి కొన్ని రోజులు ఆరబెట్టి, ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన రాకపోతేనే సామానులో వేయండి. సంస్థకు ముందుగా ఈమెయిలు రాసి, వారి జవాబును ముద్రించి స్టవ్వుతో పాటే ఉంచండి, ఎందుకంటే అనుమతి ఉన్నా తనిఖీలో నిలబడిన ఉద్యోగికి ఆ సంగతి తెలియకపోవచ్చు. సీసా విషయంలో ఆ తంటా కూడా అక్కరలేదు. ఇక్కడ వాడినది ఇంట్లోనే వదిలేసి, పెట్రోలు ఎరగని కొత్త సీసాను అట్టపెట్టె విప్పకుండా తీసుకువెళ్లండి.