సీడ్ పత్తి ఒప్పందం: ఖాళీ చెక్కులు అడుగుతున్నాడు, సంతకం పెట్టే ముందు ఏం చూసుకోవాలి?

నల్లరేగడి:
గోనెగండ్ల పక్కన ఎకరన్నర, బోరు కింద. వచ్చే ఖరీఫ్‌కు సీడ్ పత్తి (కంపెనీకి హైబ్రిడ్ విత్తనం పండించి ఇచ్చే పంట) వేయమని ఆర్గనైజర్, అంటే కంపెనీకీ రైతుకూ నడుమ ఉండే మనిషి, అడుగుతున్నాడు. ఆడ, మగ విత్తనాలు కంపెనీవే. ఎకరాకు లక్ష దాకా అడ్వాన్సు తనే ఇస్తాడంట, నూటికి రెండు రూపాయల వడ్డీ. 750 గ్రాముల ప్యాకెట్ రేటు నోటిమాటగా చెప్పినాడు. కాగితం మీద మాత్రం "కంపెనీ ప్రకటించిన రేటు" అని ఉంది. రెండు ఖాళీ చెక్కులు, ఒక ప్రోనోటు మీద సంతకం కావాలంట. కంపెనీ పేరు మీద కాగితం ఇమ్మంటే "ఈ పక్క ఎవరికీ ఇవ్వరన్నా" అంటాడు. మామూలు పత్తితో పోలిస్తే లెక్క ఎట్లుంటుంది? జీఓటీ (గింజ నాటి చూసే స్వచ్ఛత పరీక్ష) ఫెయిల్ అంటే అందరూ హడలిపోతారు, అసలు ఎందుకు ఫెయిలవుతుంది? తెలిసినోళ్ళు చెప్పండి.

ఫీల్డుసూపర్వైజర్:
ముందు ఫెయిల్ సంగతి చెప్తా. రేటు, వడ్డీ, కాగితం అన్నీ దాని చుట్టే తిరుగుతాయి.

మీరిచ్చిన గింజల్లోంచి శాంపిల్ తీసి, చేలో నాటి, ఎన్ని మొక్కలు హైబ్రిడ్‌వి, ఎన్ని సెల్ఫ్‌వి (తన పుప్పొడితో తానే పండినవి), ఎన్ని వేరే రకానివి అని లెక్కపెట్టడమే జీఓటీ. విత్తన ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం హైబ్రిడ్ పత్తికి కనీస జన్యు స్వచ్ఛత 90 శాతం. కంపెనీ అంతకన్నా ఎక్కువ పెట్టుకోవచ్చు, అందుకే మీ కాగితంలో ఏ అంకె ఉందో చూడండి. అంకె లేకపోతే "ఫెయిల్" అనేది వాళ్ళ నోటిమాట.

ఇక సెల్ఫ్ ఎక్కడ నుంచి వస్తుందంటే, పత్తి పువ్వులో ఆడ, మగ రెండూ ఉంటాయి. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఇవాళ మధ్యాహ్నం మూడు దాటినాక పట్టుకుని, బొటనవేలి గోరు అడుగున గుచ్చి తిప్పితే రేకులు, పుప్పొడి తిత్తుల గొట్టం కలిసి టోపీ మాదిరి ఊడొస్తాయి. మధ్యలో సన్నగా కీలం నిలబడుతుంది. గోరు లోతుకు దిగితే అండాశయం గీసుకుపోయి రెండు మూడు రోజుల్లో పిందె రాలిపోతుంది. పైపైన గీకితే ఒకటో రెండో తిత్తులు మిగిలి తెల్లారేసరికి అదే పువ్వు తనకు తానే పండుతుంది. రాలిన పిందె దిగుబడికి దెబ్బ, మిగిలిన తిత్తి స్వచ్ఛతకు దెబ్బ. కూలోళ్ళకు ఈ తేడా మొదటి వారంలోనే చేతిలో చూపించాలి. గిల్లిన మొగ్గకు ఎర్ర కాగితం తొడుగుతారు, పొద్దున దూరం నుంచి కనబడాలని ఆ రంగు. మర్నాడు ఎనిమిదిన్నర నుంచి పదకొండున్నర లోపల మగ పువ్వు తెచ్చి కీలానికి రుద్ది, తొడిమకు దారం కట్టాలి. ఇదే క్రాసింగ్. ఒక మగ పువ్వు నాలుగైదు ఆడ పువ్వులకు చాలు.

గిల్లకుండా తప్పిపోయిన మొగ్గ తెల్లారి విచ్చుకుంటుంది. దాన్ని ఆ పూటే తుంచేయాలి, సాయంత్రం చూసుకుందాం అంటే కుదరదు.

ఫెయిలైన చేలల్లో ఎక్కువ తప్పు జరిగేది మాత్రం చివర్లో. ఎనిమిది వారాలో తొమ్మిది వారాలో క్రాసింగ్ చేసి ఆపేస్తారు, కూలి దుడ్లూ ఆగిపోతాయి. చెట్టు ఆగదు కదా, కొత్త మొగ్గలు వేస్తూనే ఉంటుంది. క్రాసింగ్ మూసిన రోజు నుంచి తలలు తుంచి, వచ్చే ప్రతి మొగ్గా, పువ్వూ రోజూ తీసేయకపోతే పైకొమ్మల్లో దారం లేని కాయలు పడతాయి. తీసేటప్పుడు అవి కలిసిపోతాయి. ఈ పనికి ఇంకో రెండు మూడు వారాల కూలి ముందే లెక్కలో వేసుకోండి, చాలామంది వేసుకోరు.

మగ మొక్కల పూత కూడా చూసుకోవాలి. ఆడ, మగ ఒకేసారి పూయకపోతే మగ పువ్వు చాలదు. అందుకే మగ విత్తనాన్ని వారం పది రోజుల తేడాతో రెండు మూడు విడతలు వేస్తారు. మగ పువ్వు కరువైన రోజు కూలోళ్ళు దొరికిన పువ్వు రుద్దేస్తారు, అదొక ప్రమాదం. దూరం సంగతికొస్తే, వేరే పత్తికి, సీడ్ ప్లాటుకు మధ్య 30 మీటర్లు, ఆడ మడికి మగ మడికి మధ్య 5 మీటర్లు ఉండాలి. ఎకరన్నర సరిగ్గా చదరంగా ఉన్నా ఒక్కో పక్క 78 మీటర్లే. ఒక్క పక్క చేనాయన పత్తి వేసినా మీ వైపు 30 మీటర్లు పోతుంది. నాలుగు పక్కలా వేస్తే నడుమ మిగిలేది 18 మీటర్ల ముక్క. చుట్టూ ఎవరేం వేస్తున్నారో తెలిసినాకే మాట ఇవ్వండి.

వడ్డీలెక్క:
పై సార్ చెప్పినదాన్ని దుడ్లలోకి మారుస్తా. అంకెలు ఉదాహరణకే, మీ ఊరి కూలి, మీ రేటు వేసి మళ్ళీ చేసుకోండి.

ఎకరాకు పదిమంది, 60 రోజులు, కూలి 300 అనుకుంటే క్రాసింగ్‌కే 1,80,000. జిన్నింగు (మరలో దూది, గింజ వేరు చేయడం) తర్వాత 400 కిలోల గింజ వచ్చిందనుకోండి, 533 ప్యాకెట్లు. ప్యాకెట్ 500 చొప్పున 2,66,500. చూడ్డానికి బాగుంది. కంపెనీ యాసిడ్ వేసి నూగు తీసి, తాలు, పగిలిన గింజ ఏరేస్తుంది. 8 శాతం పోయిందంటే మిగిలేది 368 కిలోలు, అంటే 490 ప్యాకెట్లు, 2,45,000. ఆ తరుగు మీ కళ్ళ ముందు తూచరు, కాబట్టి దానికో పరిమితి కాగితంలో ఉండాలి.

అడ్వాన్సు లక్షకు నెలకు 2,000. జూన్‌లో తీసుకుని, జనవరిలో గింజ ఇచ్చి, జీఓటీ ఫలితం వచ్చి మే నెలలో లెక్క తేలితే 11 నెలలకు 22,000. అందులో 8,000 మీరు సరుకు అప్పజెప్పినాక పడిన వడ్డీ. సరుకు వాళ్ళ గోడౌన్‌లో, వడ్డీ మీ నెత్తిన. ఇదెక్కడి న్యాయమో ఆర్గనైజర్‌నే అడగండి.

ఫెయిలైతే నూనె గింజ ధరే. కిలో 35 వేసినా 368 కిలోలకు 12,880. దూది మీకే మిగిలేటట్టయితే అది వేరు, అదీ ముందే తేల్చుకోవాలి.

మామూలు పత్తి 2025-26లో మద్దతు ధర పొడవు పింజకు క్వింటా 8,110. ధర నచ్చకపోతే ఆదోని యార్డు ఉంది, మద్దతు ధరకు కొనే కేంద్ర సంస్థ సీసీఐ ఉంది. సీడ్ గింజకు కొనేవాడు ఒక్కడే. ఇంకో మాట, బీజీ-2 (బీటీ పత్తి) విత్తనం 475 గ్రాముల ప్యాకెట్‌కు కేంద్రం గరిష్ఠ ధర కడుతుంది. 2024-25లో 864, 2025-26లో 901. అది కంపెనీ అమ్మే ధరకు కట్టిన హద్దు. మనకిచ్చే ధరకు కింది హద్దు దాంట్లో లేదు.

కోర్టుకాగితం:
ఖాళీ చెక్కు దగ్గర ఆగి ఆలోచించండి. సంతకం మీదైతే మిగతా రాత ఎవరిదైనా, ఆ చెక్కు అప్పు కిందే ఇచ్చినట్టు చట్టం అనుకుంటుందని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. కాదని నిరూపించుకునే భారం మీదే. చెక్కు తప్పదంటే మొత్తం అంకెల్లో, అక్షరాల్లో నింపి, ఆర్గనైజర్ పేరు రాసి, వెనక "సీడ్ పత్తి అడ్వాన్సు హామీ" అని రాసి ఫోటో తీసుకోండి. ప్రోనోటు కూడా అంతే, చేతికందిన మొత్తమే రాయాలి. పంట అప్పజెప్పిన రోజు నుంచి వడ్డీ ఆగిపోతుందని ఒక వాక్యం పెట్టించండి.

2020లో కేంద్రం తెచ్చిన ధర భరోసా ఒప్పంద చట్టంలో ఒక మంచి ముక్క ఉండేది. విత్తనోత్పత్తి ఒప్పందమైతే సరుకు ఇచ్చిన నాడే మూడింట రెండు వంతులకు తగ్గకుండా డబ్బు, మిగతాది ధ్రువీకరణ తర్వాత, 30 రోజులు దాటకుండా. ఆ చట్టం మిగతా రెండు సాగు చట్టాలతో పాటు 2021లో రద్దయింది. ఆ చట్టం మీద ఎవరి అభిప్రాయం ఎట్లున్నా, ఆ వాక్యాన్ని మీ ఒప్పందంలో రాయించుకోవడానికి అడ్డు లేదు. పూర్తిగా ఒప్పుకోరు, సగమైనా రాబట్టండి.

ఆడ, మగ విత్తనానికి వేరే బిల్లు అడగండి, ధర తర్వాత లెక్కలో పట్టుకుంటామన్నా సరే. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో 2012 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిందేమంటే, కంపెనీ దగ్గర విత్తనం కొని, దానికే తిరిగి అమ్మే ఒప్పందం మీద పండించే రైతు కూడా వినియోగదారుడే. బిల్లు లేకపోతే "మేం అమ్మలేదు, ఊరికే ఇచ్చినాం" అని వాదించడానికి సందు దొరుకుతుంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ఖాళీ ప్యాకెట్లు, లాట్ నంబర్లు పారేయొద్దు. తల్లి విత్తనంలోనే కల్తీ ఉంటే మీరు ఎంత బాగా గిల్లినా జీఓటీ పోతుంది, దాన్ని నిరూపించేది ఆ ప్యాకెట్లే.

పిల్లల విషయం కూడా ఇక్కడే. 14 ఏళ్ల లోపు వాళ్ళను పనిలో పెట్టుకుంటే 2016 సవరణ ప్రకారం ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా 20,000 నుంచి 50,000 జరిమానా, రెండూ పడొచ్చు. కేసు పడేది చేను యజమాని మీద. తక్కువ కూలికి పిల్లలను తోలుకొచ్చే మేస్త్రీ ఆ రోజు కనబడడు.

నంద్యాలబజారు:
ఆర్గనైజర్‌ను మరీ దొంగను చేయొద్దండి. ఎకరన్నర రైతు దగ్గరికి కంపెనీ నేరుగా రాదు. వంద చేలు తిరగడం, అడ్వాన్సులు పంచడం, వసూలు చేయడం దానికి గిట్టదు, అందుకే మధ్యలో మనిషి. 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ వేసిన ఒప్పంద సేద్యం గైడులో ఐదు రకాలు చెప్తే, ఈ మధ్యవర్తి పద్ధతి అందులో ఒకటి. కంపెనీ ధర రైతు దాకా వచ్చేసరికి మారిపోతుందనే హెచ్చరిక కూడా అక్కడే ఉంది. కంపెనీ దుడ్లు ఆపితే ఆర్గనైజరూ మునుగుతాడు, అప్పుడు మీ చెక్కులు బ్యాంకుకు పోతాయి.

కొనేవాడే కుదేలైతే ఏమవుతుందో చూడాలంటే కెన్యాలో ముమియాస్ చక్కెర మిల్లు ఉంది. వేలమంది చిన్న రైతులు దానికి ఒప్పందం మీద చెరకు వేసినారు. చెల్లింపులు ఆగేసరికి వేరే మిల్లులకు తోలినారు, 2019లో అప్పులిచ్చిన బ్యాంకు మిల్లును రిసీవర్ (బాకీ వసూలుకు ఆస్తిని చేతిలోకి తీసుకునే అధికారి) చేతిలో పెట్టింది. చెరకు కాబట్టి ఇంకో మిల్లైనా దొరికింది. మీ గింజ ఇంకొకరికి అమ్మితే మీ మీదే కేసు. కాబట్టి ఆర్గనైజర్‌తో కాకుండా కంపెనీ, ఆర్గనైజర్, రైతు ముగ్గురి సంతకాలుండే కాగితం అడగండి. అది రాకపోతే కనీసం ఈ రైతు ఫలానా సర్వే నంబరులో మా ప్లాటు వేస్తున్నాడని కంపెనీ లెటర్‌హెడ్ మీద ఒక ముక్క.

నల్లరేగడి:
అందరికీ దండాలు. లెటర్‌హెడ్ ముక్కకు అడిగి చూస్తా. ఎకరన్నర మొత్తం కాకుండా అర ఎకరా వేస్తే? ఇంకొకటి, శాంపిల్ వాళ్ళే తీసుకుపోయి వాళ్ళే ఫెయిలంటే మనం ఏం చూపించాలి?

ఫీల్డుసూపర్వైజర్:
అర ఎకరా మంచిదే. క్రాసింగ్‌కు రోజుకు ఐదుగురు చాలు, ఇంట్లో ఇద్దరు పెద్దోళ్ళు దిగితే కూలికి ముగ్గురే. చేను నడుమ వేసుకుని చుట్టూ జొన్నో కందో వేస్తే 30 మీటర్ల బాధ కూడా తగ్గుతుంది. అయితే కొందరు ఆర్గనైజర్లు ఎకరాకు తక్కువైతే ఒప్పుకోరు.

శాంపిల్ ఎట్లంటే, బస్తాలు తూచిన రోజు ప్రతి బస్తా నుంచి పిడికెడు తీసి, గోనెపట్టా మీద కలిపి మూడు భాగాలు చేయించండి. ఒక్కోటి గుడ్డ సంచిలో. విత్తన ఇన్‌స్పెక్టర్ తీసే శాంపిల్‌కు చట్టంలో ఉన్న పద్ధతే ఇది. లోపల లాట్ నంబరు, తేదీ, బరువు రాసిన చీటీ, మూతికి లక్క, రెండు పక్కల సంతకాలు. ఒకటి కంపెనీకి, ఒకటి ఆర్గనైజర్‌కు, ఒకటి మీ ఇంట్లో తేమ తగలని చోట. ఫలితం తేడా వస్తే మీ సంచి మీద మళ్ళీ పరీక్ష చేయించాలనే వాక్యం ఒప్పందంలో ఉండాలి, లేకపోతే ఆ సంచికి విలువ లేదు.

జిన్నింగుకు తోలే ముందు ఇంకొక పని. మర ముందు లాట్ గింజలు పళ్ళ సందుల్లో, కింది తొట్టిలో ఇరుక్కుని ఉంటాయి. తొట్టి ఊడ్పించి, మర ఖాళీగా తిప్పించి, మొదట దిగిన రెండు మూడు కిలోలు పక్కన పోయించండి. ఆ గింజ నూనెకు పోనీయండి, బస్తాలో వేయొద్దు.