డాక్టరు చీటీ లేకుండా యాంటీబయోటిక్ ఇవ్వడం ఆపాలా, వద్దా?

పెరంబూరు ప్యాసింజర్:
మొన్న గొంతునొప్పని మా వీధి మందుల షాపుకెళ్తే, కుర్రాడు ఒక్క ప్రశ్న వేయకుండా సెఫిక్సిమ్ అనే యాంటీబయోటిక్ షీటులోంచి మూడు మాత్రలు కత్తిరించి చేతిలో పెట్టాడు. గొంతునొప్పులు ఎక్కువగా వైరస్ వల్ల వచ్చేవే, వాటికి ఈ మందు దండగ. పైగా ఇది కేంద్రం కట్టడి చేసిన మందుల హెచ్1 జాబితాలోది. 2014 మార్చి నుంచి ఇలాంటివాటికి చీటీ చూసి, పేషెంటు పేరూ డాక్టరు పేరూ రిజిస్టరులో ఎక్కించి, మూడేళ్ళు దాచాలి. కేరళలో 2024 జనవరిలో షాపుల మీద అధికారులు దాడులే మొదలుపెట్టారు. చెన్నైలోనూ అంత గట్టిగా చేయాలంటాను. కాదనేవాళ్ళు చెప్పండి.

వ్యాసర్పాడి అక్క:
నేను కాదంటాను తమ్ముడూ. మా పక్కింటామె నాలుగిళ్ళలో పాచిపని చేస్తుంది. సర్కారు ఆసుపత్రి ఓపీలో నిలబడితే మధ్యాహ్నమైపోతుంది, ఆ పూట జీతం కోత. ప్రైవేటుకెళ్తే మందు ఖరీదు కన్నా ఫీజే ఎక్కువ. షాపు మూయించడం తేలికే. రాత్రి ఎనిమిదింటికి ఆమెని చూసే డాక్టరెక్కడో ముందు చూపించండి.

కౌంటర్ వెనక:
పద్నాలుగేళ్ళుగా ఇదే నా పని, తిట్లు మాకు అలవాటే. కానీ మీరిద్దరూ మందు మంచిదే అనుకుని వాదించుకుంటున్నారు. పేద, మధ్యాదాయ దేశాల్లో పదింట ఒక మందు నాసిరకందో నకిలీదో అని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా (యాంటీబయోటిక్‌లే కాదు, అన్నీ కలిపి). మంచి కంపెనీ మందైనా మన దగ్గరికొచ్చాక పాడవచ్చు. అమాక్సిసిలిన్‌తో కలిపే క్లావులనిక్ యాసిడ్‌కి తేమ అస్సలు పడదు. మన ఊరి గాలి సంగతి తెలిసిందేగా.

ఈమధ్య ఒకావిడ అదే మందు సిరప్ సీసా తెచ్చి, "పోయిన నెల మిగిలింది, పిల్లకి మళ్ళీ జ్వరం, పోయొచ్చా?" అంది. మూత తీస్తే గోధుమరంగు, అడుగున గడ్డ. నీళ్ళు కలిపాక దాన్ని ఫ్రిజ్‌లో పెట్టాలి, వారానికి పారేయాలి. ఆవిడ పొయ్యి పైన గూట్లో పెట్టిందట! బలం చచ్చిన మందు పోస్తే మెత్తటి క్రిములు పోయి మొండివి మిగులుతాయి. రిజిస్టరు ఎంత నింపినా ఇది ఆగదు.

పెరంబూరు ప్యాసింజర్:
ఒప్పుకున్నా అన్నా. తక్కువ డోసు ప్రమాదమని పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ప్రసంగంలోనే చెప్పాడు. కానీ నాసిరకం ఉందన్నది చీటీ లేకుండా అమ్మడానికి సాకైపోకూడదు. అక్కా, మీ మాటకి జవాబు మన ఊళ్ళోనే పుట్టింది. 2012 చెన్నై డిక్లరేషన్‌లో డాక్టర్లు, చీటీ లేని అమ్మకాలన్నీ ఒకేసారి ఆపడం కుదరదు, ముందు బలమైన పెద్ద యాంటీబయోటిక్‌లని కట్టడి చేద్దామన్నారు. సరే, నేనూ అక్కడికి దిగొస్తా. ముందు హెచ్1 వాటినే పట్టుకోనివ్వండి.

వ్యాసర్పాడి అక్క:
అదైతే నాకూ సమ్మతమే. ఇంతకీ కౌంటర్ అన్నా, ఫ్రిజ్ లేని ఇంట్లో ఆ సిరప్ ఎక్కడ పెట్టుకోవాలి?

కౌంటర్ వెనక:
నీళ్ళలో కరిగే అమాక్సిసిలిన్ మాత్రలొస్తాయమ్మా, ఏ పూటకాపూట స్పూన్‌లో కలిపి పట్టొచ్చు. డాక్టర్ని అవే రాయమనండి. చీటీ లేకుండా మాత్రం రాకండి, తమ్ముడు చూస్తున్నాడు.