శుక్లం ఆపరేషన్ అయిన కంటికి టెలిస్కోప్ పెట్టబోమనడం న్యాయమేనా?

ప్రశ్న:
మా అమ్మకు రెండు కళ్ళలోనూ మాక్యులర్ డీజనరేషన్ (కంటి వెనక తెర అయిన రెటీనా మధ్య భాగం, అంటే మాక్యులా, పాడవడం) ముదిరిపోయింది. గ్లాసులో నీళ్ళు పోసుకునేటప్పుడు అంచు మీద వేలు పెట్టుకుని, తడి తగలగానే ఆపుతుంది. మన ముఖం చూడాలంటే మన చెవి వైపు చూస్తుంది. కంట్లో అమర్చే బుల్లి టెలిస్కోప్ గురించి విని ఎంతో ఆశపడ్డాం. రెండు కళ్ళకీ శుక్లం ఆపరేషన్ అయిపోయింది కాబట్టి కుదరదన్నారు. చూపు పోయినవాళ్ళ కోసం చేసినదానికి ఇన్ని షరతులేమిటండీ? రిస్క్ తీసుకోవాలో వద్దో అమ్మే చెప్పాలి కదా?

జవాబు 1:
మీ బాధ తెలుస్తోంది, అయినా షరతు సరైనదే అంటాను. సహజ లెన్స్ తీసేసి, అది ఉండే సంచిలోనే ఈ టెలిస్కోప్ పెడతారు. పొడవు 4.4 మిల్లీమీటర్లు, కంటికి అది చాలా పెద్ద వస్తువు. పాత ఆపరేషన్‌లో పెట్టిన లెన్స్ ఆ సంచికి అంటుకుపోయి ఉంటుంది, పెరికితే సంచి చిరగొచ్చు. పైగా టెలిస్కోప్ ముందు కొస కార్నియాకు, అంటే కంటి ముందుండే పారదర్శక పొరకు, దగ్గరగా వస్తుంది. కార్నియా లోపలి కణాలు పోతే మళ్ళీ పుట్టవు. అవి మరీ తగ్గితే కార్నియా ఉబ్బి, అమ్మగారికి పక్కల నుంచి కనిపించేది కూడా మసకబారుతుంది. అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఈ టెలిస్కోప్‌ని 2010లో 75 ఏళ్ళు నిండినవారికే అనుమతించింది, 2014లో 65కి దించింది. శుక్లం షరతు మాత్రం సడలించలేదు.

జవాబు 2:
షరతు సరైనదే కావచ్చు. ఆ సంగతి ఎప్పుడు చెబుతున్నారన్నదే నా గొడవ. టెలిస్కోప్ పెట్టేది ఒక్క కంటికే. ఆ కన్ను ముఖాలకీ అక్షరాలకీ, రెండో కన్ను నడకకీ. అంటే శుక్లం ఆపరేషన్ కాని కన్ను ఒక్కటి మిగిలి ఉన్నా దారి తెరిచే ఉండేది. ముందు బయటి టెలిస్కోప్‌తో చూపించి, చార్టులో కనీసం ఐదక్షరాలు ఎక్కువ చదివితేనే ముందుకెళ్తారు. ఆ పరీక్షకు ఖర్చయ్యేది కాస్త ఓపికే. మాక్యులా పాడైనవారికి రెండో కంటి శుక్లం తీసేముందే ఇదంతా చెప్పి తీరాలి.

ఇంకోటి, అమ్మగారిది రెటీనాలోకి రక్తం, నీరు కారని పొడి రకమేనా? ఆ రకం ముదిరినవారికి రెటీనా కింద 2 మిల్లీమీటర్ల చిప్ పెట్టే ప్రిమా అనే పద్ధతి ఫలితాలు 2025లో వచ్చాయి. ఏడాది తర్వాత పరీక్షించిన 32 మందిలో 26 మందికి చూపు చెప్పుకోదగ్గంత మెరుగైంది. ప్రత్యేక కళ్ళద్దాలు పెట్టుకుని నెలల తరబడి సాధన చేయాలి. డాక్టర్‌ని తప్పక అడగండి.

ప్రశ్న అడిగినవారు:
పొడి రకమేనండీ, అడుగుతాను. మీ మాట చదివాక పాత ఫైలు తీసి చూశాను. రెండో కంటి ఆపరేషన్‌కు ముందు రాసిన కాగితంలోనే మాక్యులాలో మచ్చ ఉందని ఉంది. ఆరోజు మాతో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.