పాత పుస్తకం ఫారాల మడత గురించి తెలిసినవారు చెప్పగలరా?

తిరుపతిలో ఉంటాను. చిత్తూరులో మా మేనమామగారి ఇంటి నుంచి ఒక పాత పద్యాల పుస్తకం తెచ్చుకున్నాను. సీసపు అక్షరాలతో అచ్చయినది. పుట వెనక వేలితో తడిమితే అక్షరాల ఒత్తు ఇంకా తెలుస్తోంది. కుట్టు తెగి ఫారాలు (అచ్చయిన కాగితాన్ని మడిచి చేసిన ఆకుల కట్టలు) విడిపోయాయి. మళ్ళీ కుట్టించే ముందు దాని నిర్మాణం అర్థం చేసుకోవాలని నా పట్టుదల.

పుట వెడల్పు 5 అంగుళాలు, ఎత్తు ఏడున్నరకు కాస్త తక్కువ. కాబట్టి క్రౌన్ 1/8, అంటే క్రౌన్ కొలత కాగితంలో ఎనిమిదో వంతు, అనుకుంటున్నాను. 15×20 అంగుళాల ఆ క్రౌన్ కాగితాన్ని మూడుసార్లు మడిస్తే 8 ఆకులు, 16 పుటలు రావాలి. ఒక వైపు 1, 4, 5, 8, 9, 12, 13, 16 పుటలు, మిగిలినవి రెండో వైపు. చిక్కల్లా ఇక్కడే: ఇందులో ఫారం సంఖ్యలు 1, 9, 17, 25 పుటల అడుగున ఉన్నాయి. ఒక్కో ఫారానికి నాలుగే ఆకులు. ఒక ఫారంలో పైఅంచు మడత కోయకుండా అలాగే ఉంది.

ఎనిమిది పుటల అక్షరాలనూ అచ్చుకు ఒకే చట్రంలో బిగించి, కాగితాన్ని తిప్పి రెండు వైపులా అదే అచ్చు వేసి, సగానికి కోసి ఉంటారా? లేక మొదటే సగం కాగితం వాడారా? విడి ఆకులను చూసి ఈ తేడా ఎలా పట్టుకోవాలి?

ఇంకొకటి. ఇక్కడి బైండరు మూడు వైపులా అంచులు కోయాలంటున్నారు. మార్జిన్లు అసలే సన్నం, నాకు మనసు రావడం లేదు. చిరిగిన మడతలకు పల్చటి కాగితం అంటించి, కోయకుండా కుట్టే పద్ధతి తెలిసినవారు దయచేసి వివరంగా రాయండి.