మూంక్ వాక్యం: "ప్రకృతి కేక"నా, "ప్రకృతిలో కేక"నా?

గోదారిగట్టు: చాన్నాళ్లుగా ఒక వాక్యం బుర్రలో తిరుగుతోందండి. నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ మూంక్ 'స్క్రీక్' (ఇంగ్లీషులో 'ది స్క్రీమ్', అంటే కేక) బొమ్మ గురించి ఏదో పత్రికలో చదివింది, చివర్లో "ప్రకృతిని చీల్చుకుంటూ పోయిన ఓ పెద్ద కేక విన్నాను" అని ఉన్నట్టు గుర్తు. మా తమ్ముడేమో కాదు, "ప్రకృతి కేక" అనే ఉందంటాడు. ఒకదాంట్లో కేక ఎవరిదో తెలీదు, ఇంకోదాంట్లో ప్రకృతే అరిచింది. అసలు వాక్యం ఎవరికైనా నోటికొచ్చా?

రంగులపెట్టె: ముందు ఆ "విన్నాను" దగ్గర ఆగాలి. అదే బొమ్మని 1895లో పాస్టెల్ రంగుసుద్దలతో మళ్ళీ వేసినప్పుడు దాని ఫ్రేము మీద ఆయనే రాసిన మాటల్లో క్రియ 'ఫోల్‌టె', అంటే అనిపించింది, ఒంటికి తగిలింది. చెవి ఊసే లేదు. బొమ్మలో మనిషి నోరు తెరిచాడు కాబట్టి వాడే అరుస్తున్నాడనుకుంటారు గానీ చేతులు చూడండి, చెవుల మీదున్నాయి. వాడు ఆ కేకకి తట్టుకోలేకపోతున్నాడు, అంతే.

ఛందోభంగం: క్రియ సరే, విభక్తి సంగతేంటి మరి? ఫ్రాన్స్‌లోని నీస్‌లో ఉండగా 1892 జనవరి 22 తేదీతో రాసుకున్నదాంట్లో "ప్రకృతి గుండా", ఫ్రేము మీదకొచ్చేసరికి "ప్రకృతిలో", అదే 1895లో లితోగ్రాఫ్ (రాతి పలక మీద గీసి తీసిన అచ్చుబొమ్మ) కింద జర్మన్‌లో మళ్ళీ "గుండా". ఆయనే తేల్చుకోలేదు. మన "ప్రకృతి కేక"లో షష్ఠికి ప్రత్యయం కనబడదు కాబట్టి అరిచింది ప్రకృతి అనీ చెప్పొచ్చు, ప్రకృతిలో వినబడిందనీ చెప్పొచ్చు. గోదారిగట్టు గారి తమ్ముడికే నా ఓటు.

రంగులపెట్టె: లితోగ్రాఫ్ ఎత్తారు కాబట్టి, దాని కింద కేకకి వాడిన జర్మన్ మాట 'ష్రాయ్' కాదండి, 'గెష్రాయ్'. ఆ "గె" వల్ల ఒక్క కేక కాస్తా ఆగకుండా సాగే అరుపులవుతుంది. అందుకే నాకు తెలుగులో కేక కన్నా "ఘోష" నచ్చుతుంది. సముద్రఘోష అంటాం కదా, మూంక్ నడిచిన ఆ దారి కూడా ఓస్లో దగ్గర ఏకెబర్గ్ కొండ మీద, కింద ఫ్యోర్డ్ (నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపాయ) నీళ్ళు. పైగా కేక అనే మాటని ఈ మధ్య సినిమా బాగుంటే కూడా వాడి అరగదీశాం.

తెలంగాణ పిల్ల: ఘోషలో బాధ ఎక్కడుంది అక్కా? నన్నడిగితే "మొర". పోతన గజేంద్రుడు "లావొక్కింతయు లేదు" అని మొదలుపెట్టి ధైర్యం, ప్రాణాలు, మూర్ఛ, డస్సిన ఒళ్ళు అని ఒక్కోటి రాలిపోవడం చెప్తాడు చూడండి, మూంక్ కూడా అంతే, ఆకాశం నెత్తురెర్రగా మారింది, అలసిపోయి కంచెకి ఆనుకున్నాను, వణుకుతూ నిలబడిపోయాను అని వరసగా చెప్పి అప్పుడు కేక దగ్గరికొస్తాడు. ఆ పద్యం నేను ఎన్నిసార్లు చదివినా "ఠావుల్ దప్పెను" దగ్గర గొంతు పట్టేస్తుంది.

ఛందోభంగం: పద్యం గొప్పదే తల్లీ, కానీ అక్కడే "నీవే తప్ప" అని ఉంది. మొరకి ఆలకించేవాడు కావాలి. మూంక్ పక్కనున్న ఇద్దరు స్నేహితులూ ముందుకెళ్ళిపోయారు, ఇంకెవరికి మొర?

తెలంగాణ పిల్ల: "కలడు కలండనెడివాడు కలడో లేడో" అన్నదీ ఆ గజేంద్రుడే మాస్టారూ. ఆలకించేవాడి మీద అనుమానం ఉన్నా మొర మొరే. అయినా మూంక్ ఇల్లు చూడండి, 1868లో తల్లి క్షయతో పోయింది, అప్పటికి ఈయనకి ఐదేళ్ళు, 1877లో అక్క సోఫీ పదిహేనేళ్ళకి అదే జబ్బుతో, ఇంకో చెల్లెలు లారాకి మతి చలించింది, తండ్రి విపరీతమైన భక్తుడు, ఆయన 1889లో పోయినప్పుడు కొడుకు పారిస్‌లో ఉన్నాడు. సోఫీ పడక బొమ్మని నలభై ఏళ్ళ పాటు మళ్ళీ మళ్ళీ వేశాడు. అది మొర కాకపోతే మరేంటి?

పాత సంచికలు: ఆకాశం ఎరుపు 1883 క్రకటోవా అగ్నిపర్వతం బూడిద వల్ల అని ఖగోళం వాళ్ళు ఒక వాదన తెచ్చారు, నేను నమ్మను, చూసింది చూసినట్టు వేసే మనిషి కాదు. 1892లో బెర్లిన్ చిత్రకారుల సంఘం వాళ్ళు పిలిచి ప్రదర్శన పెట్టించి వారానికే మూసేస్తే, ఆ గొడవతోనే పేరొచ్చి ఆ ఊళ్ళోనే ఉండిపోయాడు, మరుసటి ఏడాదే 1893లో ఈ బొమ్మ. దాని మీద పెన్సిల్‌తో "పిచ్చివాడు మాత్రమే వేయగలిగింది" అని సన్నగా ఉంటుంది, ఎవరో చూడ్డానికొచ్చినవాడు గీకాడని చాలామంది అనుకున్నారు, 2021లో ఓస్లో నేషనల్ మ్యూజియం పరారుణ ఫోటోలు తీసి అది మూంక్ చేతిరాతే అని తేల్చింది. ఈ పెన్సిల్ వాక్యం మీద ఒక్కరూ మాట్లాడరేం?

ఛందోభంగం: అది బొమ్మ మీద పడ్డ నింద, ఇది కేక గురించి, కలపకండి. 1908లో కోపెన్‌హాగెన్‌లో డాక్టర్ యాకబ్‌సన్ ఆసుపత్రిలో నెలల తరబడి ఉండొచ్చాక ఓస్లో యూనివర్సిటీ హాల్లో అంత పెద్ద సూర్యుణ్ణి వేసినవాడు కూడా ఈయనే, ఆ రెండో సగం జీవితాన్ని మన వాళ్ళు వదిలేస్తారు.

రంగులపెట్టె: ఔను, ఆ సూర్యుడి గురించి వేరే పోస్టు పెట్టాలి. కానీ ఘోష వదలను. 1892 నోట్‌లో "అంతులేని" అని స్పష్టంగా ఉంది.

ఛందోభంగం: ఫ్రేము మీద "అంతులేని" తీసేసి "ఆ పెద్ద" అని మాత్రమే రాశాడు కదమ్మా. అంతులేనిది కాబట్టి ఘోష అంటే, ఆ మాట ఎందుకు తీసేశాడో చెప్పండి, అప్పుడు ఒప్పుకుంటా.